నొప్పి చెవిలో, మూలం దవడలో

మీ చిటికెన వేలిని చెవి రంధ్రం మొదట్లో నెమ్మదిగా ఆనించి, నోరు తెరిచి మూయండి. వేలికి ముందువైపున ఏదో కదిలినట్లు తెలుస్తుంది గదా! అది కింది దవడ ఎముక తల. అది పుర్రెతో కలిసే చోటే దవడ కీలు. ఎముకలు ఒరుసుకోకుండా మధ్యన ఒక పలుచని బిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళ పక్కకు తొలగినా, కీలు అరిగినా నొప్పి పుట్టవచ్చు.

చిత్రమేమిటంటే, అటువంటివారిలో కొందరు "చెవిపోటు" అంటూ వైద్యుని దగ్గరకు వెళతారు. చూస్తే చెవిలో చీమూ లేదు, వాపూ లేదు. మరి నొప్పి అబద్ధమా? కాదు. 1934లో అమెరికాలో జేమ్స్ కోస్టెన్ అనే చెవి వైద్యుడు ఇటువంటి రోగులను గురించి వ్రాశాడు. ఆయన చెప్పిన కారణం తరువాత నిలవలేదు. చెవి బాధకు దవడనూ పరీక్షించాలన్న మాట మాత్రం నిలిచింది.

ముఖంలోని నొప్పిని మెదడుకు చేరవేసేది అయిదవ కపాల నాడి. దాని మూడవ శాఖ నుండి చీలిన ఒక నరం దవడ కీలుకూ, చెవి రంధ్రం ముందు గోడకూ, కణతకూ కూడా పోతుంది. పైగా మెదడు కాండంలో వీటి వార్తలు అనేకం ఒకే నాడీకణాల మీదికి చేరతాయి. ఊరి ముద్ర లేని ఉత్తరాలు ఒకే సంచిలో వస్తే పోస్టుమాన్ ఏం చేస్తాడు? తనకు అలవాటైన ఊరి పేరే చెబుతాడు. మెదడూ అంతే! గుండెపోటులో ఎడమ చేయి లాగడం కూడా ఇటువంటిదే.

కీలులోకి మత్తుమందు ఎక్కించినప్పుడు చెవి నొప్పి కాసేపు ఆగితే మూలం చాలావరకు తెలిసినట్లే. అయితే ఆ నరం చెవికి కూడా పోతుంది గనుక ఈ ఒక్క రుజువు చాలదు.

చాలామందికి మెత్తని ఆహారం, కాపడం, దవడ వ్యాయామం, మందులతోనే నయమవుతుంది. కొద్దిమందికే శస్త్రచికిత్స అవసరం. 1975లో జపానులో ఓనిషి సన్నని గొట్టంతో కీలు లోపలికి చూడగలిగాడు. సూదులతో ఉప్పునీటిని పంపి కీలును కడిగే పద్ధతి 1991లో వెలువడింది. అవసరమైతే కీలు తెరిచి బిళ్ళను సరిచేస్తారు. చెవిని ఎవరూ ముట్టుకోరు. అయినా కీలు కుదుటపడితే చెవిపోటు తగ్గుతుంది!

అందరికీ తగ్గదు. ఏళ్ళ తరబడి నొప్పి వార్తలు అందుకున్న నాడీకణాలు అతి సున్నితమై, మూలం పోయినా ఊరుకోవు. ఒక్కొక్కప్పుడు నొప్పి కీలుది కాక నమిలే కండరాలది కావచ్చు. అప్పుడు కీలును కోసి లాభమేమిటి?

మీకు చెవిపోటు వస్తే ఇంట్లో కాచిన నూనె పోయించుకోకండి. వైద్యునికి చూపించండి. నమిలేటప్పుడు నొప్పి ఎక్కువవుతోందా, నోరు తెరిస్తే టక్కుమంటోందా అన్నది ఆయన అడగకపోయినా చెప్పండి.