సముద్రానికి సరిహద్దు రాయి లేదు

పొలానికి గట్టు ఉంటుంది. ఊరికి పొలిమేర ఉంటుంది. మరి సముద్రానికి?

దేశాలు సముద్రం మీద గీతలు గీసుకున్నాయి. అవి కాగితం మీదే ఉంటాయి. నీళ్ళకు ఆ గీతలు తెలియవు. చేపలకూ తెలియవు. ఒక దేశంలో నీళ్ళలో పారేసిన చెత్త ఇంకో దేశం ఒడ్డుకు కొట్టుకొస్తుంది.

అప్పుడు ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఏం చేయాలి? తన చెత్త తాను ఎత్తుకోగలదు. పక్క దేశం నుంచి వచ్చే చెత్తను ఒంటరిగా ఆపలేదు గదా!

యూరప్‌లో ఇలాంటి ఊళ్ళు ఏం చేశాయో ఈ పాఠంలో చదువుదాం.

ఊళ్ళన్నీ ఒక సంఘం

యూరప్‌లో ఉత్తర సముద్రం ఉంది. దాని చుట్టూ బ్రిటన్, నార్వే, డెన్మార్క్, జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్ దేశాలున్నాయి. అక్కడి ఊళ్ళకూ మన పంచాయతీ, మునిసిపాలిటీల వంటి స్థానిక సంస్థలు ఉన్నాయి.

1990లో కొన్ని స్థానిక సంస్థలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. డెన్మార్క్‌లోని ఎస్బియర్గ్ పట్టణంలో ఇది పుట్టింది. దాని పేరు కిమో. ఆ ఊళ్ళ భాషలు వేరు, దేశాలు వేరు. అయినా వాళ్ళ కష్టం ఒకటే.

నష్టం ఎవరిది?

1993 జనవరి 5న ఏం జరిగిందో చూడండి. బ్రిటన్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. ఆ రోజు పెద్ద తుఫాను. బ్రేయర్ అనే చమురు ఓడ ఇంజను ఆగిపోయింది. ఓడ కొట్టుకొచ్చి ఒడ్డున రాళ్ళకు గుద్దుకుంది. సుమారు 85 వేల టన్నుల ముడి చమురు సముద్రం పాలైంది.

ఆ చమురు నార్వేది. వెళ్ళాల్సింది కెనడాకు. ఓడ నమోదైంది లైబీరియాలో. నష్టపోయింది మాత్రం షెట్లాండ్ జనం. అక్కడ చేపలు పట్టొద్దని నిషేధం పెట్టారు. సముద్రంలో వలలు కట్టి పెంచుతున్న చేపల్ని నాశనం చేయాల్సి వచ్చింది.

ఓడలు ఎట్లా నడవాలో ఒక ఊరు నిర్ణయించలేదు. దేశాలు కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. ఆ మాట్లాడే చోట ఒడ్డున బతికేవాళ్ళ మాట కూడా వినపడాలి.

ఓటు లేదు, మాట ఉంది

ఉత్తర సముద్రాన్నీ, దాని పక్క అట్లాంటిక్ సముద్రాన్నీ కాపాడటానికి 1992లో ఒక ఒప్పందం జరిగింది. దాని పేరు ఆస్పార్. ఇందులో 15 దేశాల ప్రభుత్వాలు, యూరోపియన్ యూనియన్ అనే దేశాల కూటమి ఉన్నాయి. ఆస్పార్ సమావేశాలకు కిమో ప్రతినిధులు పరిశీలకులుగా వెళ్తారు. పరిశీలకులు మాట్లాడొచ్చు. కాగితం రాసి ఇవ్వొచ్చు. ఓటు మాత్రం వేయలేరు.

ఓటు లేనప్పుడు అంత దూరం వెళ్ళి ఏం లాభం? ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఒక సంచిలో ఉంది.

సంచి కథ

చేపల కోసం వల వేస్తే చెత్త కూడా పడుతుంది. ప్లాస్టిక్, తెగిన తాళ్ళు, పాత వలలు. దాన్ని ఒడ్డుకు తెస్తే చాలా రేవుల్లో రుసుం కట్టమనేవారు. మంచి పని చేసినవాడికి జరిమానా అన్నట్టు! అందుకని చాలామంది ఆ చెత్తను మళ్ళీ నీళ్ళలోనే వదిలేసేవారు.

2000లో నెదర్లాండ్స్‌లో ఒక పని మొదలుపెట్టారు. పడవలకు పెద్ద పెద్ద సంచులు ఇచ్చారు. వలలో పడిన చెత్తను సంచిలో వేసి రేవుకు తెస్తే చాలు. రుసుం లేదు. కిమో ఈ పనిని వేరే దేశాల రేవులకూ తీసుకెళ్ళింది. 2005లో స్కాట్లండ్‌లో మొదలైంది.

2010లో ఆస్పార్ తన సభ్య దేశాలకు ఈ పని చేపట్టమని సిఫారసు చేసింది. 2019లో యూరోపియన్ యూనియన్ చట్టమే చేసింది. వలలో పడిన చెత్తను రేవుకు తెస్తే అదనంగా రుసుం అడగకూడదని ఆ చట్టం చెప్పింది.

ఇది ఒక్కరి వల్ల కాలేదు. ఒక్క ఏడాదిలోనూ కాలేదు. కానీ రేవులో చేసి చూపించిన పని ఉంది కనుక, సభలో చెప్పిన మాటకు బలం వచ్చింది.

మనం అడగాల్సింది

ప్రతినిధి అంటే మన తరఫున వెళ్ళే మనిషి. సర్పంచి గానీ, వార్డు మెంబరు గానీ, కౌన్సిలరు గానీ సభకు వెళ్తే ఖర్చు ప్రజల డబ్బే. వెళ్ళే ముందు, "మా ఏ సమస్య చెప్పబోతున్నారు?" అని అడగండి. తిరిగొచ్చాక, "ఏం చెప్పారు? ఏం తెచ్చారు?" అని గ్రామసభలో అడగండి. అడగడం తగవు పెట్టుకోవడం కాదు. అది మన హక్కు.

కొత్త మాటలు
ప్రతినిధి: అందరి తరఫున మాట్లాడే మనిషి
పరిశీలకులు: సభలో కూర్చుని మాట్లాడగలిగినా ఓటు లేనివాళ్ళు
సిఫారసు: ఇలా చేస్తే మంచిదని చెప్పడం
రుసుం: ఒక పనికి కట్టే డబ్బు

ఆలోచించి చెప్పండి
1. దొరికిన చెత్తను పడవవాళ్ళు మళ్ళీ నీళ్ళలో ఎందుకు వదిలేసేవారు?
2. ఒక లారీలో 10 టన్నులు పడితే, 85,000 టన్నులకు ఎన్ని లారీలు కావాలి?
3. మీ ఊరి కాలువ గానీ, చెరువు గానీ ఇంకే ఊళ్ళతో కలిసి ఉంది? ఆ ఊళ్ళతో కలిసి మాట్లాడాల్సిన సమస్య ఏది? మూడు వాక్యాలు రాయండి.