మెనూ కార్డులో తెలుగు పాఠం



మన తెలుగు బడిలో గుణింతాలు, వత్తులు నేర్చుకున్న పిల్లలు ఇంట్లో అన్నం దగ్గర చక్కగా తెలుగు మాట్లాడుతున్నారు. "అమ్మా, ఇంకొంచెం పప్పు వెయ్యి", "నాన్నా, నాకు పెరుగు చాలు" అంటున్నారు. చాలా సంతోషం. అయితే అదే కుటుంబం శనివారం సాయంత్రం ఏ థాయ్ రెస్టారెంట్‌కో, మెక్సికన్ రెస్టారెంట్‌కో వెళ్ళి కూర్చోగానే తెలుగు ఆగిపోతుంది. మెనూ ఇంగ్లీషులో ఉంటుంది, సర్వర్ ఇంగ్లీషులో అడుగుతాడు, ఇక మనలో మనం కూడా ఇంగ్లీషులోకి దిగిపోతాం. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మో తాతయ్యో పక్కన ఉంటే వాళ్ళ ముందు ఏదో ఒక ప్లేటు పెడతాం. అదేమిటో, దేనితో చేశారో వాళ్ళకు ఎవరూ చెప్పరు. పాపం, వాళ్ళు రెండు ముద్దలు తిని "ఆకలిగా లేదమ్మా" అంటారు. ఇంటికి వచ్చాక పెరుగన్నం కలుపుకుంటారు.

ఈ పాఠం ఆ బల్ల దగ్గర కూర్చునే పిల్లల కోసం. ఇది పూర్తయ్యేసరికి మీరు ఏ దేశపు వంటనైనా అమ్మమ్మకు తెలుగులో వివరించగలగాలి. దానికి సూత్రం ఒక్కటే: పేరు వాళ్ళది, వర్ణన మనది. పిజ్జాకు, మోమోకు, కిమ్చీకి తెలుగు పేర్లు పెట్టే పని పెట్టుకోవద్దు. మన దోసెను వాళ్ళు దోసె అన్నట్టే, వాళ్ళ పేర్లను మనం అలాగే పలుకుదాం. అది పుల్లగా ఉందా, కమ్మగా ఉందా, కాల్చారా, ఉడికించారా అని చెప్పడానికి మాత్రం మనకు కావలసినన్ని మాటలున్నాయి.

బయట తినడం మనకు కొత్తా?

కొత్త కాదు. హోటల్ అనే మాట రాకముందే మనకు "పూటకూళ్ళ ఇల్లు" ఉండేది. కూడు అంటే అన్నం. పూటకు ఇంత అని డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇల్లు అన్నమాట. గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కం" నాటకంలో పూటకూళ్ళమ్మ అనే పాత్ర ఉంది. ఆ నాటకాన్ని మొదట 1892లో ప్రదర్శించారు. అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందుదైన "క్రీడాభిరామం"లో ఓరుగల్లు నగరంలో ఒక రూకకు దొరికే పూటకూళ్ళ భోజనాన్ని నోరూరేలా వర్ణించారు. అంటే ఊరుగాని ఊళ్ళో డబ్బిచ్చి తిని, అది ఎలా ఉందో తెలుగులో చెప్పడం మనకు పాత అలవాటే.

మొదటి మెట్టు: రుచి మాటలు

మన పెద్దలు ఆరు రుచులు చెప్పారు. ప్రతి రుచికీ రెండు రూపాలు నేర్చుకోండి.

తీపి – తియ్యగా ఉంది
పులుపు – పుల్లగా ఉంది
ఉప్పు – ఉప్పగా ఉంది
చేదు – చేదుగా ఉంది
కారం – కారంగా ఉంది
వగరు – వగరుగా ఉంది

మొదటి ఐదూ మీకు తెలుసు. వగరు దగ్గరే పిల్లలు ఆగుతారు. పాలు కలపని చిక్కటి టీ తాగినప్పుడు, పండని అరటిపండు కొరికినప్పుడు నాలుక బిగుసుకున్నట్టు ఉంటుందే, అదే వగరు. ఏ రుచీ సరిగ్గా లేకపోతే "చప్పగా ఉంది" అంటాం. నెయ్యి, వెన్న, పాలమీగడ వంటి వాటి రుచిని "కమ్మగా ఉంది" అంటాం.

ఇంగ్లీషులో "హాట్", "స్పైసీ" అనే రెండు మాటలతో సరిపెట్టే చోట మనకు నాలుగు మాటలున్నాయి. పొగలు కక్కే సూప్ వేడిగా ఉంటుంది. మిరపకాయ కారంగా ఉంటుంది. లవంగాలు, దాల్చినచెక్క ఎక్కువైతే మసాలా ఎక్కువైంది అంటాం. సుషీ పక్కన పెట్టే పచ్చటి వసాబీ ముద్ద మాత్రం ఘాటుగా ఉంటుంది. ఆవపిండిలాగే అది ముక్కులోకి ఎక్కుతుంది. ఆవాలు, వసాబీ ఒకే మొక్కల కుటుంబానికి చెందినవి మరి! చైనాలోని సిచువాన్ వంటల్లో ఇంకో వింత ఉంది. అక్కడి ఒక రకం మిరియం కొరికితే నాలుక తిమ్మిరెక్కుతుంది. ఆ రుచిని వాళ్ళు "మాలా" అంటారు. "మా" అంటే తిమ్మిరి, "లా" అంటే కారం.

సైన్స్ క్లాసులో మీ టీచర్ ఐదు రుచులే చెప్పవచ్చు. వాటిలో కారం, వగరు ఉండవు. కారం నిజానికి మంట, వగరు ఒక రకం స్పర్శ అని శాస్త్రవేత్తలు అంటారు. వాటికి బదులు "ఉమామి" ఉంటుంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెదా సముద్రపు నాచుతో కాచిన రసంలో దాన్ని గుర్తించారు. టీచర్‌తో గొడవ పడకండి. నోటికి తెలిసే ప్రతిదానికీ మనవాళ్ళు ఒక పేరు పెట్టుకున్నారని చెప్పండి.

రెండో మెట్టు: ఎలా వండారు? ఎలా ఉంది?

వండే తీరుకు: ఉడికించారు, వేయించారు, కాల్చారు, ఆవిరి మీద ఉడికించారు, పులియబెట్టారు, ఊరబెట్టారు.

తీరు చెప్పడానికి: మెత్తగా, గట్టిగా, చిక్కగా, పలచగా, జిగురుగా, పొడిపొడిగా, కరకరలాడుతూ, సాగుతూ.

"పిజ్జా ఎలా ఉంది?" అంటే "బాగుంది" అని ఊరుకోవద్దు. "అంచులు కరకరలాడుతున్నాయి, జున్నులా పైన వేసిన చీజ్ సాగుతోంది, టమాటా కాస్త పుల్లగా ఉంది" అనండి. ఒక్క వాక్యంలో మూడు మాటలు వాడినట్టయింది.

మూడో మెట్టు: ఊరంతా తిరుగుదాం

అభ్యాసానికి న్యూయార్క్ నగరాన్ని మించిన తరగతి గది లేదు. క్వీన్స్ వైపు వెళ్ళే 7 నంబరు రైలు ఎక్కండి. 74వ వీధి దగ్గర దిగితే జాక్సన్ హైట్స్. మన మిఠాయి కొట్లకు దగ్గరలోనే టిబెట్, నేపాల్ వాళ్ళ మోమోలు దొరుకుతాయి. అమ్మమ్మకు మోమో అంటే ఏమని చెబుతారు? "లోపల కూర పెట్టి ఆవిరి మీద ఉడికించిన కుడుము" అనండి. వినాయక చవితికి కుడుములు చేసిన చేతులకు ఇంకేమీ చెప్పక్కరలేదు.

అక్కడినుంచి రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద, రైలు పట్టాల కిందుగా నడిస్తే మెక్సికో, కొలంబియా, ఈక్వెడార్ వంటలు. మెక్సికో వాళ్ళ తమాలే చూడండి. మొక్కజొన్న పిండి ముద్దను మొక్కజొన్న కండె మీది ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. కోనసీమలో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండుతారు కదా, ఆలోచన అదే. టోర్టియా రొట్టెకైతే మొక్కజొన్న గింజల్ని ముందు సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెడతారు. సున్నం అనగానే తాతయ్యకు తమలపాకు గుర్తుకొస్తుంది!

ఇంకో మాట. మిరపకాయ, టమాటా, మొక్కజొన్న మూడూ అమెరికా ఖండాల నుంచే ప్రపంచానికి వచ్చాయి. కొలంబస్ ప్రయాణం 1492లో. ఆ తరువాతి శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మిరపకాయ మన దేశానికి చేరింది. అంతకుముందు మనకు ఘాటు ఇచ్చినవి మిరియాలు. అందుకే కొత్త కాయకు కూడా వాటి పేరే కలిసి "మిరపకాయ" అయింది. మన ఆవకాయ ఎరుపుకు మూలం ఈ వైపు నేలేనన్నమాట. మెక్సికన్ రెస్టారెంట్‌కు వెళ్ళినప్పుడు ఇది అమ్మమ్మకు చెప్పి, ఆవిడ మొహం చూడండి.

7 నంబరు రైలు చివరి స్టేషన్ ఫ్లషింగ్. 1977లో ప్రతిష్ఠ జరిగిన వినాయకుడి గుడి, దాని కింద దోసెలు దొరికే క్యాంటీన్ మనలో చాలామందికి తెలుసు. అదే ఊళ్ళో చైనా, కొరియా వాళ్ళ రెస్టారెంట్లు వీధి వీధినా ఉన్నాయి. చైనా వాళ్ళ దగ్గర టీ తాగుతూ ఒక సంగతి చెప్పుకోండి. మన కోస్తాలో "టీ" అంటారు, హైదరాబాదులో "చాయ్" అంటారు. రెండూ చైనా మాటలే. ఒకటి అక్కడి రేవుల నుంచి ఓడల్లో యూరపు మీదుగా వచ్చింది. రెండోది పర్షియా మీదుగా వచ్చింది. కొరియా వాళ్ళ కిమ్చీ ఉప్పు, మిరపపొడి, వెల్లుల్లి వేసి పులియబెట్టిన క్యాబేజీ. వేసవిలో మనం ఊరగాయలు పెట్టినట్టే, చలికాలం ముందు వాళ్ళు ఇంటిల్లిపాదీ కూర్చుని పెట్టుకుంటారు. ఆ ఆచారాన్ని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు మన్‌హాటన్‌లో ఇతియోపియా రెస్టారెంట్‌కు వెళదాం. ఈ సంభాషణను ఇద్దరిద్దరుగా బిగ్గరగా చదవండి.

అమ్మమ్మ: ఇదేమిటి బంగారం, పళ్ళెం నిండా గుడ్డ పరిచినట్టుంది?
మనవరాలు: ఇది ఇంజెరా అమ్మమ్మా. మన అట్టులాంటిదే. పిండిని కొన్ని రోజులు పులియబెడతారు, అందుకే పుల్లగా ఉంటుంది.
అమ్మమ్మ: రెండోవైపు కాల్చలేదే?
మనవరాలు: ఒకవైపే కాలుస్తారు. చూడు, పైన ఎన్ని చిల్లులో!
అమ్మమ్మ: ఏ పిండి?
మనవరాలు: టెఫ్ అని చిరుధాన్యం. రాగులకంటే చిన్న గింజ, గసగసాలంత ఉంటుంది.
అమ్మమ్మ: మరి ఈ ఎర్రది?
మనవరాలు: మిసిర్ వొత్. మైసూరుపప్పు కారంగా, చిక్కగా ఉడికించారు. పక్కనున్నది షిరో. నువ్వు పూరీలోకి శనగపిండి కూర చేస్తావే, అలా ఉంటుంది.
అమ్మమ్మ: అందరం ఒకే పళ్ళెంలో తినాలా? ఎంగిలి కాదుటే!
మనవరాలు: నీకు వేరే ప్లేటు అడుగుతాలే. వాళ్ళు ప్రేమగా ఒకరికొకరు నోట్లో ముద్ద పెట్టుకుంటారు. దాన్ని గుర్షా అంటారు.
అమ్మమ్మ: మీ అమ్మకు నేను గోరుముద్దలు పెట్టినట్టా? అయితే ఒకటి నీకూ పెడతా, నోరు తెరు.

ఇందులో అమ్మమ్మకు తెలియని మాటలు ఐదే ఐదు, అన్నీ పేర్లే. "ఎంగిలి" అన్నదానికి ఇంగ్లీషులో సరైన మాట లేదు. అది అర్థమైన పిల్ల కాబట్టే వేరే ప్లేటు అడిగింది. శాకాహారులకు ఇంకో మంచి వార్త: ఇతియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, వెన్న ముట్టరు. అందుకే వాళ్ళ మెనూలో ఉపవాసపు వంటలకు వేరే వరుస ఉంటుంది.

నాలుగో మెట్టు: "పడదు" అంటే ఏమిటి?

ఇది అన్నిటికంటే ముఖ్యం. తాతయ్య "నాకు రొయ్యలు పడవురా" అన్నారనుకోండి. దానికి మూడు అర్థాలు ఉండవచ్చు: ఆ రుచి నచ్చదు, తింటే అరగదు, తింటే దద్దుర్లు వచ్చి ఊపిరాడదు. మూడోది అలెర్జీ, ప్రాణానికి ప్రమాదం. ఇంగ్లీషులో సర్వర్‌కు చెప్పవలసినవాళ్ళు మీరే కాబట్టి, ముందు తెలుగులో అడగండి: "తాతయ్యా, తింటే ఏమవుతుంది?" జవాబు విన్నాకే ఆర్డర్ చెప్పండి. అమెరికాలో ప్యాకెట్ల మీద తప్పక తెలపవలసిన అలెర్జీ పదార్థాలు తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు–పీతల జాతి, బాదం–జీడిపప్పు వంటివి, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు. వీటి తెలుగు పేర్లు కంఠతా పట్టండి.

"నేను నీచు తినను" అనే పెద్దవాళ్ళ కోసం అడగవలసినవి కూడా ఉన్నాయి. థాయ్ కూరల్లో చేపల సాస్ ఉంటుందా? మిసో సూప్‌లో ఎండుచేప రసం ఉందా? మెక్సికన్ బీన్స్‌లో పంది కొవ్వు వేశారా? కిమ్చీలో ఉప్పురొయ్యలు కలిపారా? పైకి కనబడవు కాబట్టి అడిగి తీరాలి.

ఐదో మెట్టు: బిల్లు

అంకెలు తెలుగులో చెప్పడం మన పిల్లలకు కష్టం. బిల్లు వచ్చినప్పుడే అభ్యాసం చేయండి. నలుగురు తిన్నారు, బిల్లు 64 డాలర్లు. న్యూయార్క్ నగరంలో అమ్మకం పన్ను 8.875 శాతం, అంటే 5 డాలర్ల 68 సెంట్లు. పన్నుకు రెట్టింపు టిప్ ఇవ్వడం అక్కడ చాలామంది వాడే సులువు లెక్క: 11 డాలర్ల 36 సెంట్లు. మొత్తం 81 డాలర్ల 4 సెంట్లు. తలా ఎంత? "ఇరవై డాలర్ల ఇరవై ఆరు సెంట్లు" అని కాలిక్యులేటర్ లేకుండా చెప్పిన వాళ్ళకు ఐస్‌క్రీమ్!

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు మాట కోసం తడుముకుంటుంటే మీరు అందుకుని ఇంగ్లీషులో పూర్తి చేయకండి. అమ్మమ్మనే అందించనివ్వండి. మెనూ చదవడం మనవలకు వచ్చు, మాట ఆవిడకు వచ్చు. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉంటే భాష దానంతట అదే సాగుతుంది. ఆవిడ ఇక్కడుండేది ఆరు నెలలే.

అభ్యాసం

1. వేడి, కారం, ఘాటు, మసాలా – ఒక్కొక్క మాటతో ఒక వాక్యం రాయండి.
2. మీకు ఇష్టమైన ఒక పరదేశపు వంటను ఐదు వాక్యాల్లో వర్ణించండి. పేరు తప్ప ఇంగ్లీషు మాట వాడకూడదు.
3. "పడదు" అన్న మాట మీ ఇంట్లో ఎవరు, దేని గురించి అంటారో అడిగి రాసుకోండి. దాని అర్థం పై మూడింటిలో ఏదో గుర్తించండి.
4. ఈసారి బయట తిన్నప్పుడు ఒక వంటను ఫోన్‌లో తాతయ్యకో నాయనమ్మకో వివరించండి. వాళ్ళు "మన ఫలానాదానిలాగా ఉందే!" అంటే మీకు నూటికి నూరు మార్కులు వచ్చినట్టే.