కవరు – దాని కడపటి గతి

మన ఇండ్లలో ‘కవరు’ అని పిలుచుకొనే పలుచని ప్లాస్టిక్కును గురించి ఈ వ్యాసం. పాల ప్యాకెట్టు, పప్పు ప్యాకెట్టు, కాఫీ పొడి పొట్లం, బట్టల దుకాణపు సంచి, ఇవన్నీ మన కంటికి ఒకే జాతి. పాతసామాను కొనేవాని కంటికి మాత్రం కావు. ఒక సెలవురోజున మేము ఇంట్లో పోగుపడిన కవర్లన్నీ గోతంలో నింపి అతని వద్దకు తీసుకొనిపోయాము. అతడు గోతం కుమ్మరించి, పాల ప్యాకెట్లలో శుభ్రమైనవాటిని మాత్రం ఏరుకొని, తక్కినదంతా కాలితో మా వైపు నెట్టివేశాడు. మేము తెలుగు చెప్పుకొనేవాళ్ళమే గాని రసాయనశాస్త్రం చదివినవాళ్ళం కాము. అయినా ఆ ఏరివేతకు కారణమేమిటో తెలుసుకోవాలనిపించింది.

పాల ప్యాకెట్టు దాదాపు పూర్తిగా పాలిథీను. 1933లో ఇంగ్లండులో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు అధిక పీడనంతో ప్రయోగాలు చేస్తుండగా అనుకోకుండా బయటపడిన పదార్థమిది. సుమారు 110 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మైనంలా కరిగి, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. అందుచేత దానిని ముక్కలు చేసి, కడిగి, ఆరబెట్టి, కరిగించి గుళికలుగా మార్చవచ్చును. అచ్చు రంగులు కలిసిపోవడం వల్ల ఆ గుళికలు మసకబారుతాయి. కనుక వాటితో నల్లసంచులు, గొట్టాల వంటివి చేస్తారు. పాల ప్యాకెట్టు తిరిగి పాల ప్యాకెట్టు కావడం అరుదు.

కాఫీ పొడి పొట్లం సంగతి వేరు. పైన పాలియెస్టరు, నడుమ అల్యూమినియం రేకు, లోపల పాలిథీను, మూడింటినీ అంటించి చేసినది. గాలీ తేమా చొరబడకుండా కాపాడే గుణం ఆ పొరలదే. తిరిగి పనికిరాకుండా చేసే దోషమూ ఆ పొరలదే. పాలియెస్టరు కరగడానికి సుమారు 250 డిగ్రీలు కావాలి. ఒకటి కరిగే వేడికి మరొకటి కరగదు, ఒకదానితో ఒకటి కలవదు. ఇటువంటి పొట్లాలు కొన్ని సిమెంటు కొలుములలో ఇంధనంగా కాలిపోతాయి. దానిని పునర్వినియోగమని పిలవడానికి మాకు మనసొప్పదు. చిన్న పొట్లాలు పది కొనే బదులు పెద్దది ఒకటి కొనడమే ఇక్కడ మన చేతిలో వున్న ఉపాయం.

ఇక శుభ్రత. కవరు ఎంత పలుచనిదంటే దానికంటిన పాలు, మెతుకులు, మట్టి దాని బరువును మించిపోతాయి. కడిగి తీగమీద ఆరవేసిన ప్యాకెట్టు సరకు. తడిచెత్తలో కలిసినది చెత్త. ఇంకొక చిన్న మాట. రోజుకు రెండు ప్యాకెట్లు వాడే ఇంట్లో మూల పూర్తిగా కత్తిరిస్తే యేడాదికి 730 తునకలు. గోరంత తునకను యేరేవారెవరూ లేరు. ఆ మూలను కొసదాకా తెగనీయకుండా వదలితే చాలు.

ప్రభుత్వం చేతిసంచుల మందాన్ని 2016లో కనీసం 50 మైక్రాన్లుగా నిర్ణయించి, 2021 సెప్టెంబరు 30 నుండి 75కు, 2022 డిసెంబరు 31 నుండి 120కి పెంచింది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మందపు సంచిని జనం దాచుకొని మళ్ళీ వాడుతారని, యేరుకొనేవారికి గిట్టుబాటవుతుందని ఊహ. కాని దుకాణదారు దానిని కూడా ఉచితంగానే ఇస్తూ, మనం ఒక్కసారికే పారవేస్తూ వుంటే పెరిగేది ప్లాస్టిక్కే గదా!

ఇంతకన్నా మాకు బాధ కలిగించేది దావతుల తీరు. వెనుక మన ఇండ్లలో పెండ్లికైనా చావుకైనా పరచేది గుడ్డ దస్తర్‌ఖాన్. భోజనాలయ్యాక ఎముకలు, మెతుకులు యేరి, దులిపి, ఉతికి, మడిచి పెట్టేవారు. ఇప్పుడు చుట్టగా దొరికే పలుచని ప్లాస్టిక్ షీటు పరచి, పంక్తి లేవగానే ఎముకలతో, గ్రేవీతో, మిగిలిన బిర్యానీతో సహా చుట్టి బయట పారవేస్తున్నాము. పాతసామానువాడు దానిని ముట్టడు. ముట్టేది పశువే. అన్నం వాసనకు కవరుతో సహా మింగుతుంది. అన్నం అరుగుతుంది, కవరు దాని పొట్టలోనే వుండిపోతుంది. పుట్టపర్తికి చెందిన కరుణా సొసైటీ 2012లో సుప్రీంకోర్టు దాకా తీసుకొనిపోయినది ఈ మూగజీవుల గోడునే.

గుడ్డను పొగడడం తేలిక. ఆ పసుపు మరకలను నూతి దగ్గర కూర్చుండి ఉతికిన చేతులు ఎవరివో కూడా తలచుకోవాలి. మా తల్లిగారికి ప్లాస్టిక్ షీటు రావడం ఒక సెలవు దొరికినట్లే వుండినది. ఆమెను తప్పుపట్టే అర్హత, యేనాడూ దస్తర్‌ఖాన్ ఉతకని మాకు లేదు. కనుక గుడ్డ తిరిగి రావాలంటే ఉతుకుడు భారం ఇంటి ఆడవారిమీద గాక ఖర్చు లెక్కలోకి రావాలి.

మన కళాశాల వార్షికోత్సవ విందు ఈ పద్ధతికి అనువైన చోటు. గడిచిన విందు మరునాడు వెనుక గోడవద్ద పడివున్న షీటు చుట్టలను విద్యార్థులు చూసే వుంటారు. ఒకసారి ముదురురంగు నూలుగుడ్డ కొంటే చాలాయేండ్లు వస్తుంది. పరచడం, దులపడం విద్యార్థులు చేయగలరు. మేమూ వారితో నిలుస్తాము. రాబోయే విందు అంచనాలో షీటు చుట్టల పద్దు కొట్టివేసి, దాని స్థానంలో ‘ఉతుకుడు కూలి’ అనే పద్దు చేర్చవలసిందిగా కమిటీవారికి మా మనవి.