సగటును కాదు, వేడెక్కిన సెల్‌ను చూడండి

విద్యుత్ వాహనాల కూలింగ్ డిజైన్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను పదేపదే చెప్పే మాటలివి.

1. బ్యాటరీ ప్యాక్ సగటు ఉష్ణోగ్రత 34 డిగ్రీలని ఎవరైనా రిపోర్టు తెస్తే నేను అడిగేది ఒక్కటే: అన్నిటికన్నా వేడిగా ఉన్న సెల్ ఏది, అదెంతలో ఉంది? సిరీస్‌లో కలిపిన సెల్స్‌లో ఒక్కటి ముందుగా నీరసపడితే ప్యాక్ మొత్తం దాని స్థాయికి దిగిపోతుంది. సెల్‌కూ సెల్‌కూ తేడా 5 డిగ్రీలు దాటనివ్వకండి.

2. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు కాగితం మీద లెక్క వేయండి. 96 సెల్స్ సిరీస్‌లో ఉన్నాయి, ఒక్కోదాని అంతర్గత నిరోధం 1 మిల్లీఓమ్ అనుకుందాం. 100 ఆంపియర్లు పోతే సెల్‌కు 10 వాట్ల వేడి, ప్యాక్‌కు 960. 200 ఆంపియర్లయితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 3,840 వాట్లు. నిమిషానికి 10 లీటర్ల నీరు, గ్లైకాల్ మిశ్రమంతో దాన్ని లాగితే కూలెంట్ లోపలికి వెళ్లేచోటికీ బయటికి వచ్చేచోటికీ సుమారు ఆరున్నర డిగ్రీల తేడా. మనం పెట్టుకున్న 5 డిగ్రీల హద్దు అక్కడే దాటిపోయింది. ప్రవాహం రెట్టింపు చేస్తే తేడా సగమవుతుంది, నిజమే. కానీ పంపు తినే కరెంటు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే నేను పంపు జోలికి పోయే ముందు కూలెంట్ దారి మారుస్తాను. పక్కపక్క కాలువల్లో ఎదురెదురుగా పారిస్తే, వేడెక్కిన పాయ పక్కనే చల్లని పాయ ఉంటుంది. తేడా చాలావరకు సర్దుకుంటుంది.

3. హైబ్రిడ్‌లో ఇంజిన్‌కు 90 డిగ్రీల కూలెంట్ హాయి. ఇన్వర్టర్‌కు అది పనికిరాదు, బ్యాటరీకి అసలే పనికిరాదు. స్థలం కలిసొస్తుందని సర్క్యూట్లు కలపకండి.

4. ఎండను తక్కువ అంచనా వేయకండి. 2012లో అమెరికాలోని అరిజోనాలో నిస్సాన్ లీఫ్ యజమానులు బ్యాటరీ సామర్థ్యం త్వరగా పడిపోతోందని ఫిర్యాదు చేశారు. ఆ ప్యాక్‌ను ద్రవంతో గానీ ఫ్యాన్‌తో గానీ చల్లబరిచే ఏర్పాటు లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రెంటచింతల, రామగుండం అరిజోనాకు ఏం తీసిపోతాయి? 45 డిగ్రీల గాలి రేడియేటర్‌లో ఎంత వీచినా కూలెంట్ 45 కిందికి దిగదు. అక్కడ ఏసీ కంప్రెసర్‌తో నడిచే చిల్లర్ తప్పదు. ఆ కంప్రెసర్ మీదే కారులో కూర్చున్నవాళ్లూ ఆధారపడతారు. హైవే మీద వేగంగా వచ్చి, బండి ఆపగానే ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టినప్పుడు ఎదురుగాలి కూడా ఉండదు. మీ డిజైన్‌కు అసలు పరీక్ష అదే.

5. టయోటా ప్రియస్ హైబ్రిడ్ బ్యాటరీ క్యాబిన్ గాలితోనే చల్లబడుతుంది. ఆ గాలి పోయే దారి వెనక సీటు దగ్గర ఉంటుంది. అక్కడ సంచి ఆనించినా, జాలీకి దుమ్ము, పెంపుడు కుక్క వెంట్రుకలు పట్టినా బ్యాటరీ వేడెక్కుతుంది. మనుషులు బండిని ఎలా వాడతారో డ్రాయింగ్ గీసేటప్పుడే ఆలోచించాలి.

6. చల్లదనం ఎక్కువైనా చేటే. విశాఖ లాంటి తీరంలో వేసవి గాలి 25 డిగ్రీల దగ్గరే నీరు వదులుతుంది. కూలెంట్‌ను 15కు దించితే అది పారే కూలింగ్ ప్లేటు మీద చెమ్మ పడుతుంది, హైవోల్టేజ్ బస్‌బార్ల పక్కనే.

ఒక్క విన్నపం. ల్యాబ్ ఫలితాలతో సరిపెట్టుకోకండి. మే నెల మిట్టమధ్యాహ్నం నలుగురిని కూర్చోబెట్టి, ఏసీ వేసి, ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టి, అన్నిటికన్నా వేడెక్కే సెల్‌కు థర్మోకపుల్ అంటించి చూడండి. ఆ అంకె చూశాకే డ్రాయింగ్ మీద సంతకం చేయండి.