జాంగోలో విద్యార్థి పేరు ఎక్కడ రాయాలి?

మన హాస్టల్ ఆఫీసు గదిలో అడ్మిషన్ రిజిస్టరు, మెస్ హాజరు, లైబ్రరీ పుస్తకం, స్కాలర్‌షిప్ ఫైలు వేర్వేరుగా ఉంటాయి. వీటిని కంప్యూటరులో పెట్టాలంటే ఎలాగో తెలుసుకోవడానికి మేము జాంగో నేర్చుకుంటున్నాము. ఇది పైథాన్ భాషలో వెబ్‌సైట్లు తయారుచేసే ఫ్రేమ్‌వర్క్. అమెరికాలోని లారెన్స్ పట్టణంలో ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా విడుదలైంది.

జాంగోలో పనిని ‘యాప్’లుగా విడదీస్తారు. ప్రతి యాప్‌లో మోడల్స్ రాస్తాము. ఒక్కొక్క మోడల్ డేటాబేస్‌లో ఒక పట్టిక అవుతుంది. ఇంతవరకు తేలికే. చిక్కంతా విద్యార్థి దగ్గర వస్తుంది. మెస్‌కూ, లైబ్రరీకీ, స్కాలర్‌షిప్‌కూ అందరికీ విద్యార్థే కావాలి. ప్రతి యాప్‌లోనూ పేరు మళ్ళీ రాస్తే ఒకచోట ‘కె. లక్ష్మి’, మరొకచోట ‘లక్ష్మి కె.’ అవుతుంది. కంప్యూటరుకు వారు ఇద్దరు మనుషులు. పేరులో అక్షరం తేడా వస్తే స్కాలర్‌షిప్ ఎన్ని నెలలు ఆగుతుందో మనలో చాలామందికి తెలుసు.

కనుక విద్యార్థి మోడల్ ‘స్టూడెంట్స్’ అనే ఒక్క యాప్‌లోనే ఉండాలి. మిగిలినవి ‘ఫారిన్ కీ’ ద్వారా దానిని చూపిస్తే చాలు. అడ్మిషన్ నంబరు వేసినట్టే అన్నమాట. మోడల్‌ను ఇంపోర్ట్ చేయకుండా, యాప్ పేరు, చుక్క, మోడల్ పేరు కలిపి కొటేషన్లలో రాయవచ్చు. రెండు మోడల్స్ ఫైళ్ళు ఒకదానినొకటి ఇంపోర్ట్ చేసుకుంటే ప్రోగ్రాం మొదట్లోనే ఆగిపోవచ్చు; ఇలా రాస్తే ఆ బాధ ఉండదు. అయినా మెస్ యాప్‌కు విద్యార్థి తెలియాలి గాని, విద్యార్థి యాప్‌కు మెస్ సంగతి తెలియనక్కరలేదు. బాణాలన్నీ ఒకే వైపు ఉండాలి.

విద్యార్థి రికార్డు తీసేస్తే ఏమవుతుందో కూడా ఫారిన్ కీలోనే చెప్పాలి. 2017లో వచ్చిన జాంగో 2.0 నుండి ఇది తప్పనిసరి. ‘కాస్కేడ్’ అని రాస్తే అతడు తీసుకున్న లైబ్రరీ పుస్తకాల లెక్క కూడా చెరిగిపోతుంది, తిరిగి ఇవ్వని పుస్తకంతో సహా! ‘ప్రొటెక్ట్’ అంటే, లెక్క ఉన్నంతవరకు రికార్డును తీయనివ్వదు. లైబ్రరీకి మేము దీనినే ఎంచుకుంటాము.

అలాగని నాలుగు మోడల్స్‌కు నాలుగు యాప్‌లు అవసరం లేదు. చిన్న పనికి ఒకటే చాలు. అయితే మోడల్‌ను తరువాత వేరే యాప్‌లోకి మార్చడం కష్టం. మామూలుగా పట్టిక పేరు యాప్ పేరుతోనే మొదలవుతుంది. పాత మైగ్రేషన్లు, ఫారిన్ కీలు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. అందుకే కోడ్ రాయకముందే మేము నోటుబుక్కులో బాణాలు గీసి చూసుకుంటున్నాము.