పాఠం 11: పరిశోధన ఫలితం – తోటివారి పరీక్ష

ఈ పాఠం చదివిన తరవాత, ఒక శాస్త్రజ్ఞుడు తాను కనుక్కున్నదాన్ని తోటి శాస్త్రజ్ఞుల ముందు ఎలా పెడతాడో, వాళ్లు దాన్ని ఎలా పరీక్షిస్తారో మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు. ఇందుకు మనం తీసుకున్న ఉదాహరణ అండమాన్ దీవులది. పని జరిగింది మాత్రం ఎక్కువగా హైదరాబాదులో.

11.1 మాయాబందర్‌లో ఒక ప్రశ్న

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు ముఖ్యపట్టణం మాయాబందర్. అక్కడి బజారులో కాసేపు నిలబడితే బెంగాలీ, తమిళం, తెలుగు, హిందీ వినిపిస్తాయి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపునుంచి వచ్చినవాళ్లే. మాయాబందర్ పక్కన ఉన్న వెబీ గ్రామానికి కరెన్‌లు 1925లో బర్మానుంచి వచ్చారు. దేశవిభజన తరవాత బెంగాలీ కుటుంబాలు వచ్చాయి. "మీ తాతగారు ఏ ఊరినుంచి వచ్చారు?" అని అడిగితే ఇక్కడ దాదాపు ప్రతి ఇంట్లోనూ జవాబు దొరుకుతుంది.

మనందరికంటే ముందు ఇక్కడ ఉన్నవారి సంగతేమిటి? ఉత్తర అండమాన్ తీరాల్లో ఒకప్పుడు జేరు, బో, కోరా, చారీ శాఖలవారు ఉండేవారు. వీరిని కలిపి గ్రేట్ అండమానీలు అంటారు. వీరిలో మిగిలిన కొద్దిమందిని 1970 ప్రాంతంలో స్ట్రెయిట్ ఐలండ్ అనే చిన్న దీవికి తరలించారు. 2011 జనగణనలో వీరు 44 మంది, లిటిల్ అండమాన్‌లోని ఒంగేలు 101 మంది. వీరి పూర్వీకులు ఎప్పుడు, ఎటునుంచి వచ్చారు? రాతలో చరిత్ర లేదు. తవ్వకాల్లో పురావస్తు పరిశోధకురాలు జరీన్ కూపర్‌కు చౌల్‌దారీ వద్ద దొరికిన గవ్వలు, ఎముకల దిబ్బలు సుమారు రెండువేల రెండువందల ఏళ్ల నాటివి. అంతకు ముందు మనుషులు లేరని దీని అర్థం కాదు. అంతకు పాత ఆనవాలు ఆ తవ్వకంలో దొరకలేదని మాత్రమే.

11.2 తాళపత్రాలూ, డి.ఎన్.ఏ.

ఈ ప్రశ్నకు జవాబు వెతికే ఇంకో దారి మన శరీర కణాల్లోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ముందు తాళపత్ర ప్రతులను గుర్తుచేసుకోండి. ఒక లేఖకుడు పద్యం ఎత్తి రాస్తూ ఒక అక్షరం తప్పు రాశాడనుకుందాం. ఆ ప్రతిని చూసి రాసినవాడు ఆ తప్పునూ రాస్తాడు, తనదొకటి కలుపుతాడు. వందేళ్ల తరవాత వేరువేరు ఊళ్లలో దొరికిన రెండు ప్రతుల్లో ఒకేచోట ఒకే తప్పులు నాలుగైదు ఉంటే, రెండింటికీ మూలం ఒకటేనని పండితుడు గ్రహిస్తాడు. వేమన పద్యాలను పరిష్కరించిన సి.పి. బ్రౌన్ కూడా ఇలాగే ప్రతులు సేకరించి, పక్కపక్కన పెట్టి పోల్చి చూసుకున్నాడు.

డి.ఎన్.ఏ. కూడా ఎత్తిరాతే. కణంలో మైటోకాండ్రియా అనే భాగానికి తనదైన చిన్న డి.ఎన్.ఏ. ఉంటుంది. దాని పొడవు సుమారు 16,569 అక్షరాలు. ఇది తల్లినుంచి బిడ్డకు వస్తుంది, తండ్రినుంచి రాదు. అందువల్ల తల్లి, అమ్మమ్మ, ముత్తవ్వ వరసలో వెనక్కి పోవచ్చు. ఎత్తిరాతలో ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారుతుంది. దీన్ని ఉత్పరివర్తనం అంటారు. ఒకే రకమైన మార్పులు ఉన్నవారందరినీ ఒక శాఖగా గుర్తించి, దానికి ఎమ్ 31, ఎమ్ 32 వంటి పేర్లు పెడతారు.

పది ప్రతులైతే చేతితో పోల్చవచ్చు. వేల మంది డి.ఎన్.ఏ. పోల్చాలంటే కంప్యూటరు లేనిదే పని జరగదు. ఏ అక్షరం ఎక్కడ మారిందో గుర్తించి, ఏ శాఖ ఏ శాఖనుంచి చీలిందో లెక్కగట్టి, వంశవృక్షం వంటి చిత్రం గీసేది కంప్యూటరు కార్యక్రమమే. జీవశాస్త్రమూ, గణనశాస్త్రమూ ఇక్కడ విడదీయరానివి అయిపోయాయి. ఈ పోలికకు ఒక షరతు ఉంది. పోల్చడానికి ఇతరుల ప్రతులు అందుబాటులో ఉండాలి. హైదరాబాదులో ఉన్నవాడికి జపానులో చదివిన డి.ఎన్.ఏ. ఎలా దొరుకుతుంది?

11.3 అందరి గాదె

1982లో అమెరికాలో జెన్‌బ్యాంక్ అనే డి.ఎన్.ఏ. భాండాగారం మొదలైంది. యూరపు, జపాను దేశాల్లోనూ ఇటువంటివి ఉన్నాయి. ఇవి మూడూ తమ సమాచారాన్ని ఒకదానితో ఒకటి పంచుకుంటాయి. మన ఊళ్లో అందరి ధాన్యమూ ఒకే గాదెలో పోసి, ఎవరికి కావలసినప్పుడు వారు కొలుచుకున్నట్టు ఊహించండి. తేడా ఒక్కటే. ఈ గాదెలో ఎంత తీసినా తరగదు. 1996లో బెర్ముడాలో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఇంకో అడుగు వేశారు. మానవ డి.ఎన్.ఏ.ను చదివే పెద్ద ప్రయోగశాలలు తాము చదివిన భాగాలను 24 గంటల్లోగా అందరికీ అందుబాటులో పెట్టాలని ఒప్పుకున్నారు. మన దేశంలో ఇలాంటి జాతీయ భాండాగారం ఫరీదాబాదులో 2022లో ప్రారంభమైంది. నలభై ఏళ్ల ఆలస్యం తక్కువేమీ కాదు.

ఇప్పుడు ఆలోచించండి: ఒక పరిశోధకుడు తన నిర్ణయాన్ని మాత్రమే ప్రకటించి, దాని వెనక ఉన్న అక్షరాలను దాచుకుంటే తోటివాడు ఏం చేయగలడు? నమ్మడమో, నమ్మకపోవడమో తప్ప మరో దారి లేదు.

11.4 హైదరాబాదు పత్రం, కున్‌మింగ్ అభ్యంతరం

హైదరాబాదులోని సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ కేంద్రాన్ని అందరూ సి.సి.ఎం.బి. అంటారు. అక్కడి లాల్జీ సింగ్, కె. తంగరాజ్, ఎ.జి. రెడ్డి తదితరులు పోర్ట్ బ్లెయిర్ వైద్య పరిశోధకులతోనూ, విదేశీ శాస్త్రజ్ఞులతోనూ కలిసి అండమాన్ ఆదివాసుల డి.ఎన్.ఏ.పై 2003లో ఒక పత్రం ప్రకటించారు. ఇందులో వాడిన వాటిలో 1906–08 మధ్య రాడ్‌క్లిఫ్ బ్రౌన్ సేకరించగా కేంబ్రిడ్జిలో భద్రపరచిన వెంట్రుకలు కూడా ఉన్నాయి. ఆ ఏడాది ఆరంభంలోనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మ్యూజియం అవశేషాలపై వేరొక పత్రం ప్రకటించారు. ఒకే ప్రశ్నపై రెండు బృందాలు పనిచేయడం వృథా అనుకోకండి. ఒకరి లెక్కను ఇంకొకరు సరిచూసుకునే వీలు అలాగే కలుగుతుంది.

2005 మే నెలలో సి.సి.ఎం.బి. బృందం 'సైన్స్' పత్రికలో మరో పత్రం ప్రకటించింది. ఈసారి ఒంగేల, గ్రేట్ అండమానీల, నికోబారీల మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను మొదటినుంచి చివరిదాకా చదివారు. అండమానీల్లో ఎమ్ 31, ఎమ్ 32 అనే రెండు పాత శాఖలు కనిపించాయి. ప్రధాన భూభాగంలోని వేల నమూనాలు వెతికినా ఇవి దొరకలేదు. కనుక ఆఫ్రికానుంచి మానవులు బయలుదేరిన తొలి రోజుల్లోనే వీరి పూర్వీకులు ఈ దీవులకు చేరి, అప్పటినుంచీ ఒంటరిగా ఉండిపోయి ఉంటారని రాశారు. నికోబారీలు మాత్రం ఆగ్నేయాసియా ప్రజలకు దగ్గరివారని తేలింది. ప్రపంచ పత్రికలన్నీ ఈ వార్తను ప్రచురించాయి.

ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2006 జనవరిలో, అదే 'సైన్స్' పత్రికలో ఒక అభ్యంతరం అచ్చయింది. పళనిచామి మొదలైనవారు దాన్ని రాశారు. ఈ బృందంలో చైనాలోని కున్‌మింగ్ పరిశోధకులూ, భారతీయ పరిశోధకులూ ఉన్నారు. మన దేశపు ఈశాన్య దిక్కున ఉన్న రాజ్‌బంశీల డి.ఎన్.ఏ.లో, ఎమ్ 31కి మాత్రమే ప్రత్యేకం అనుకున్న మార్పుల్లో కొన్ని తమకు కనిపించాయని వారు చూపారు. తాళపత్రాల ఉదాహరణతో చెప్పాలంటే, ఒకే ఇంట ఉందనుకున్న ప్రతికి దాయాది ప్రతి వేరే ఊళ్లో బయటపడింది. అలాంటప్పుడు ఆ శాఖ దీవులకు చేరకముందే ప్రధాన భూభాగంలో కొంతకాలం ఉండి ఉండాలి. వలస మనం అనుకున్నదానికంటే తరవాత జరిగి ఉండవచ్చు.

హైదరాబాదు వారి జవాబు కూడా అదే సంచికలో అచ్చయింది. ఇది గమనించదగ్గ విషయం. పత్రిక అభ్యంతరాన్ని దాచలేదు, జవాబునూ పక్కన పెట్టలేదు. చదువరి రెండూ చూసి తూచుకోవచ్చు. 2011లో కున్‌మింగ్‌వైపు పరిశోధకులు మయన్మార్ నమూనాలను కూడా చేర్చి, ఈశాన్యంనుంచే వలస జరిగిందన్న వాదానికి మరికొంత బలం చేకూర్చారు.

ఇందులో ఎవరు ఓడారు అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నే ఇక్కడ సరిపడదు. 2005 పత్రం చదివిన పూర్తి డి.ఎన్.ఏ. లేకపోతే 2006 అభ్యంతరానికి పోల్చిచూడడానికి ఏమీ ఉండేది కాదు. "ప్రధాన భూభాగంలో దొరకలేదు" అన్న వాక్యానికీ "ప్రధాన భూభాగంలో లేదు" అన్న వాక్యానికీ ఎంత దూరముందో ఈ వివాదం చూపింది.

11.5 అచ్చుకు ముందే

పత్రిక ఒక వ్యాసాన్ని అచ్చు వేసేముందు దాన్ని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతుంది. వారు చదివి లోపాలు చెబుతారు. దీనికి నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈలోగా తోటివారికి తెలియాలని వ్యాసాన్ని నెట్‌లో పెట్టే పద్ధతి వచ్చింది. భౌతికశాస్త్రజ్ఞులకు 1991లో పాల్ గిన్స్‌పార్గ్ దీన్ని మొదలుపెట్టాడు. జీవశాస్త్రానికి బయోఆర్‌కైవ్ అనే నిధి 2013లో వచ్చింది. ఇలా పెట్టినదాన్ని ప్రీప్రింట్ అంటారు. దాన్ని నిపుణులు ఇంకా పరీక్షించలేదన్న సంగతి చదువరి మరవకూడదు.

అండమాన్ విషయంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2016లో స్పెయిన్, భారత పరిశోధకులు జరవాల, ఒంగేల పూర్తి జన్యుసంపదను చదివి, అందులో అంతరించిపోయిన, పేరు తెలియని మానవజాతి ఆనవాలు ఉందన్నారు. హార్వర్డ్‌లో పనిచేసే రైక్ బృందం లెక్కను మళ్లీ కట్టింది. వేరువేరు చోట్ల, వేరువేరు పద్ధతుల్లో చదివిన సమాచారాన్ని కలిపితే లేని తేడా ఉన్నట్టు కనిపించవచ్చని చూపి, తమ అభ్యంతరాన్ని ముందు ప్రీప్రింట్‌గా పెట్టింది. అది 2018లో పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు మానికలతో కొలిచిన బియ్యాన్ని కలిపి లెక్కరాస్తే ఏమవుతుందో ఏ దుకాణదారుణ్ణి అడిగినా చెబుతాడు.

ప్రీప్రింట్ చదవడానికి డబ్బు కట్టనక్కర లేదు. కాని నెట్ ఉండాలి. చెన్నైనుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల తీగ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించేదాకా ఈ దీవులు ప్రధానంగా ఉపగ్రహాల మీదే ఆధారపడ్డాయి. ఆ తీగ చేరిన చోట్లలో మాయాబందర్‌కు దక్షిణాన ఉన్న రంగత్ ఒకటి. తమ దీవులపై ఎక్కడో రాసినదాన్ని ఇక్కడి విద్యార్థి వెంటనే చదవగలగడం ఇటీవలి సంగతే.

11.6 ఎవరి అక్షరాలు?

అన్నీ బయట పెట్టడమే మంచిదా? 2011 జనగణనలో ఒంగేలు సుమారు నూరుమందే. అంత చిన్న సమూహంలో పేరు రాయకపోయినా, ఎవరి నమూనా ఏదో పోల్చుకునే ప్రమాదం ఉంది. ఒకరి డి.ఎన్.ఏ. చెప్పేది ఆయన అక్కచెల్లెళ్ల గురించి కూడా. 1906లో వెంట్రుక ఇచ్చిన మనిషికి వందేళ్ల తరవాత దాన్ని ఏం చేస్తారో తెలిసే అవకాశమే లేదు. ఈ కారణాలవల్ల కొన్ని మానవ డి.ఎన్.ఏ. సమాచారాలను కారణం రాసి అర్జీ పెట్టుకున్న పరిశోధకులకు మాత్రమే ఇస్తారు. తోటి శాస్త్రజ్ఞుడికి పూర్తిగా చూపాలన్న నియమానికీ, ఇచ్చినవారిని కాపాడాలన్న నియమానికీ మధ్య పేచీ ఇంకా తీరలేదు. ఈ వ్యాసాలు చదవగలిగే స్థితిలో గ్రేట్ అండమానీల పిల్లలు ఉన్నప్పుడు, వారేమంటారో కూడా వినవలసి ఉంటుంది.

పాఠగత ప్రశ్నలు

1. తాళపత్రంలోని తప్పుకూ, ఉత్పరివర్తనానికీ ఉన్న పోలికను అయిదు వాక్యాల్లో రాయండి. పోలిక ఎక్కడ సరిపోదో కూడా చెప్పండి.

2. 2005 పత్రంపై వచ్చిన అభ్యంతరం ఏమిటి? అది చేయడానికి ఏ సమాచారం అవసరమైంది?

3. ప్రీప్రింట్‌లో చదివిన సంగతిని మీ మిత్రుడు "నిరూపించారు" అన్నాడు. ఆయనకు మీరు ఏం చెబుతారు?

4. మీ ఇంట్లో పెద్దవారిని వారి తాతముత్తాతల ఊరు అడిగి రాసుకోండి. అదే ప్రశ్న మరో బంధువును అడగండి. రెండు జవాబులూ కలవకపోతే, ఏది సరైనదో తేల్చడానికి ఇంకేం కావాలో రాయండి.