మాట్లాడే బొమ్మలు

అక్కలూ! తోలుబొమ్మలాట మీలో చాలామంది చూసే ఉంటారు. తెర వెనక మనిషి ఉంటాడు. పుల్లలు పట్టుకుని బొమ్మను ఆడిస్తాడు. పాట కూడా అతనే పాడతాడు. మరి వెనక మనిషే లేకుండా బొమ్మ లేచి నిలబడి మాట్లాడితే?

మా పెద్దమ్మ అలాంటి ఆట చూసి వచ్చింది. ఆమె కూతురు అమెరికాలో ఉంటుంది. అక్కడ ఫ్లోరిడా రాష్ట్రంలో డిస్నీ వాళ్ల పెద్ద వినోదాల తోట ఉంది. 1971 అక్టోబరు 1న తెరిచారు. అందులో రంగులరాట్నం, పెద్ద కోట, ఊరేగింపులు ఉంటాయి. వాటితోపాటు 'ప్రెసిడెంట్ల హాలు' అని ఒకటుంది. టికెట్టు ఖరీదు తలుచుకుని పెద్దమ్మ ఇప్పటికీ గొణుగుతుంది. అది వేరే సంగతి.

"ప్రెసిడెంటు అంటే మన పంచాయతీ ప్రెసిడెంటా?" అని కేంద్రంలో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్నే. సర్పంచిని మనం అలాగే పిలుస్తాం కదా! అక్కడ ప్రెసిడెంటు అంటే దేశం మొత్తానికి పెద్ద. నాలుగేళ్లకొకసారి ఎన్నిక.

లోపల సినిమా హాలులాగే కుర్చీలుంటాయి. ముందు దేశం కథ సినిమాగా చూపిస్తారు. తర్వాత తెర లేస్తుంది. వేదిక మీద ప్రెసిడెంట్లందరూ ఉంటారు! మనిషంత బొమ్మలు. ఒక్కొక్కరి పేరు పిలుస్తారు. పిలవగానే ఆ బొమ్మ తల ఊపుతుంది. మిగతావి ఊరికే ఉండవు. అటూ ఇటూ చూస్తాయి, చేతులు కదుపుతాయి. "నాకు ఒళ్లు జలదరించిందే" అంది పెద్దమ్మ.

ఇందులో మాయ లేదు. బొమ్మ లోపల యంత్రం ఉంటుంది. దాన్ని కంప్యూటరు నడుపుతుంది. గొంతు ముందే రికార్డు చేసి పెట్టినది.

వీటిలో మొదట పుట్టింది లింకన్ బొమ్మ. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో అది కుర్చీలోంచి లేచి మాట్లాడింది.

ఈ లింకన్ 1809లో చెక్క గుడిసెలో పుట్టాడు. బడికి వెళ్లింది అంతా కలిపి ఏడాది లోపే. తండ్రికి సంతకం మాత్రం వచ్చు. తల్లి సంతకానికి బదులు గుర్తు పెట్టేది. సవతి తల్లికి కూడా చదువు లేదు. అయినా పిల్లవాడి చేతిలో పుస్తకం లాక్కోలేదు, చదువుకోనిచ్చింది. మన కథల్లో సవతి తల్లులు ఇలా ఉండరు!

ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్లను పశువుల్లా అమ్మేవాళ్లు, కొనేవాళ్లు. చాలా రాష్ట్రాల్లో బానిసకు చదువు నేర్పితే నేరం. ఎందుకంటారు? 1863లో లింకన్ బానిసల విడుదల ప్రకటన చేశాడు. 1865లో దేశమంతటా బానిసత్వం రద్దయింది. అదే ఏడు ఆయన్ని కాల్చి చంపారు.

మొదటి ప్రెసిడెంటు వాషింగ్టన్‌కూ బానిసలుండేవారు. ఇలాంటి చోట గొప్పలే ఎక్కువ చెబుతారు. మనమూ అంతే, తాతల భూములు చెబుతాం, అప్పులు చెప్పం. అయితే 1993లో ఆటను మార్చి బానిసత్వం సంగతి కూడా చేర్చారు.

అంతా చూసి పెద్దమ్మ కూతుర్ని అడిగిందట, "ఒక్క ఆడది లేదేమే?" అని. నిజమే. ఇప్పటిదాకా 45 మంది ఆ పదవి చేశారు. అందరూ మగవాళ్లే. ఆ దేశమంతటా ఆడవాళ్లకు ఓటు వచ్చిందే 1920లో.

మనకు మొదటి ఎన్నికల్లోనే, 1951-52లో, ఓటు ఉంది. కానీ దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలో లేకుండా పోయాయి. వాళ్లు తమ పేరు చెప్పలేదు. 'ఫలానా ఆయన భార్యని', 'ఫలానా ఆయన కూతుర్ని' అన్నారు.

ఇది విని మా కేంద్రంలో ఒక అవ్వ లేచింది. "మన ఊరి జాబితా పట్రా తల్లీ, నా పేరు చూడాలి" అంది. మర్నాడు తెచ్చాను. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. పేరు దొరికింది. కాసేపు అలాగే చూసింది.

"దీర్ఘం ఎగరగొట్టారే!" అంది.

దిద్దించడానికి ఫారం 8 ఉంటుంది. తెచ్చి ఇచ్చాను. నన్ను ముట్టుకోనివ్వలేదు. గంటసేపు కూర్చుని తనే నింపింది.